పులుసు గిన్నెలోని చరిత్ర

సూపు అను మాట నేడు మన యిండ్లలో అలవాటైన మాటయే. జలుబు చేసినపుడు, ఆకలి మందగించినపుడు, పగలంతయు పనిచేసి అలసి వచ్చి పొయ్యి ముందు నిలువ ఓపిక లేనపుడు, కూరగాయల సూపు త్రాగుడని వైద్యులును చెప్పుదురు, ఇరుగుపొరుగువారును చెప్పుదురు. అంగళ్లలో పొడిచేసి కాగితపు సంచులలో కట్టిన సూపు దొరకుచున్నది. వేడినీటిలో కలిపి కాచిన చాలును. ఇది పాశ్చాత్యులు మనకు నేర్పిన సులువైన పద్ధతి యనియు, మనవన్నియు పూటంతయు శ్రమించి వండవలసిన వంటలే యనియు అనేకుల అభిప్రాయము. ఈ అభిప్రాయము ఎంతవరకు నిజమో తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. కోనసీమలో ఏ యింటి పొయ్యిమీదనైనను ఉడుకుచున్న ముక్కల పులుసు గిన్నె మూత తీసి చూచిన చాలును. ఆ గిన్నెలో అరగంటలో సిద్ధమగు భోజనమే గాక, కొన్ని వందల యేండ్ల చరిత్ర కూడ ఉడుకుచుండును.

మొదట మాటల సంగతి చూతము. సంస్కృతమున సూపము అనగా ఉడికించిన పప్పు, పప్పుకట్టు. సూపము చేయువాడు సూపకారుడు, అనగా వంటవాడు. విరాటుని కొలువున వలలుడను పేర భీమసేనుడు స్వీకరించిన వృత్తి ఇదియే. ఇంగ్లీషువారి సూపు అను మాటకు పుట్టుక వేరు. పులుసులోనో రసములోనో నానవేసిన రొట్టెముక్కను తెలుపు ప్రాచీన శబ్దమొకటి యూరపు భాషలలో కలదు. అది ఫ్రెంచివారి నోట మారి, ఇంగ్లీషులోనికి వచ్చి సూపు అయినది. రెండు మాటలును వినుటకు ఒకటిగ నున్నను ఒకదానినుండి మరియొకటి వచ్చినది కాదు. కాని ఆ మాటలు చెప్పు సంగతి ఒక్కటే: ఉన్నదానిని నీటిలో ఉడికించి, ఆ నీటిని పారబోయక ముక్కతోపాటు ఆరగించుట. పేదకును, రోగికిని, దారిన పోవు బాటసారికిని అన్ని దేశములలోను ఇదియే తొలి ఆధారము.

తెలుగులో ఈ జాతి వంటకములకు పేళ్లు పెక్కు కలవు. పలుచనై త్రాగుటకు అనువుగ నున్నది చారు. చింతపండు రసములో కూరగాయ ముక్కలుడికిన చిక్కనిది పులుసు. నాలుగైదు తీరుల ముక్కలు పెద్దవిగ తరిగి వేసి, కొంచెము బెల్లముతో, పిండి కలిపి చిక్కపరచినది దప్పళము. పుల్లని మజ్జిగలో ఆనపకాయ ముక్కలతో చేసినది మజ్జిగపులుసు. పొయ్యియే అక్కరలేక చింతపండు పిసికి ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ తరిగి కలిపినది పచ్చిపులుసు. ఇన్ని పేళ్లున్న జాతికి సూపు క్రొత్త కాజాలదు.

పైగా ఈ విషయమున ఋణపడినది మనము కాదు, ఆంగ్లేయులే. మద్రాసు రాజధానిలో ఉద్యోగములు చేసిన దొరలు మన మిరియాల చారును మరిగిరి. తమిళమున దానిని మిళగు తణ్ణీర్ అందురు. అనగా మిరియపు నీరు. దొరల నోట ఆ మాట మల్లిగటానీ అయినది. మైసూరు యుద్ధములలో బందీయైన ఆంగ్ల నావికుడొకడు బెంగుళూరు చెరసాలలో గంజియు, ఈ మిరియపు నీరును తమ భోజనమని వాపోవుచు కట్టిన పాట 1784 నాటిది. 1886 లో వెలువడిన హాబ్సన్ జాబ్సన్ అను నిఘంటువులో దానిని ఉదాహరించినారు. మద్రాసు రాజధాని ఉద్యోగులకు ఈ చారును బట్టి మల్లులు అను ఎగతాళి పేరు కూడ వచ్చినదని ఆ నిఘంటువే చెప్పుచున్నది. ఆ దొరలు స్వదేశమునకు తిరిగిపోయి, దానిలో మాంసము, కూరపొడి చేర్చి తమ బల్లలపై సూపుగ నిలిపిరి. ఆనాటి మద్రాసు రాజధానిలో మన గోదావరి మండలమును ఒక భాగమే గదా.

ఇక ఆ గిన్నెలోని ముక్కల సంగతి. అది తెలిసికొనుటకు మనము గోదావరి సంగమముల కడకు పోవలెను. ధవళేశ్వరము దిగువను గోదావరి గౌతమిగను, వసిష్ఠగను చీలును. ఈ రెండింటి నడుమ త్రికోణాకారమున నున్న లంకభూమియే కోనసీమ. వసిష్ఠనుండి వైనతేయ మను మరియొక పాయ చీలి, కోనసీమ నడుమగ ప్రవహించి బంగాళాఖాతమున కలియును. ఆ సంగమస్థానమున ఎడమ ఒడ్డున నున్న గ్రామము ఓడలరేవు. ఆవలి ఒడ్డున కరవాక. నేడు ఓడలరేవనగానే సముద్రగర్భమునుండి చమురును, వాయువును తీసికొనివచ్చు కేంద్రము అందరికి జ్ఞప్తికి వచ్చును. కాని ఆ పేరు చమురుకంటె ఎంతయో పాతది. ఓడలు నిలిచిన రేవని ఆ పేరే చెప్పుచున్నది.

ఈ పేరునకు చరిత్రలో సాక్ష్యము సమీపముననే కలదు. ఓడలరేవు ఉన్న అల్లవరము మండలములోనిదే బెండమూర్లంక. పదునెనిమిదవ శతాబ్దమున ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు గోదావరి ముఖద్వారములలో మూడు వర్తకస్థానములు నడపిరి. వసిష్ఠపై నరసాపురము చెంత మాధవాయిపాలెము, గౌతమి ప్రక్కను యానాము చేరువను ఇంజరము, వైనతేయము ప్రక్కను బెండమూర్లంక. ఈ మండలపు సాలెవారు నేసిన బట్టలను కొని ఓడలకెక్కించుటయే వీని ముఖ్య వ్యాపారము. మాధవాయిపాలెపు బట్టకు ఆ ఊరిపేరే విదేశములలో నిలిచి, మెడపొల్లాము అని ప్రసిద్ధికెక్కినది. 1757 లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఈ మూడు స్థానములను పట్టుకొనెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడిపోగా, ఈ తీరమున వారి ప్రాబల్యము తగ్గెను. 1833 నాటి చట్టముతో కంపెనీవారు వర్తకమే మానిరి. రాజులు మారిరి, వర్తకులు పోయిరి, నదీముఖములు ఇసుకతో మేటవేసినవి. కాని ఓడలతో వచ్చిన కొన్ని వస్తువులు మాత్రము తిరిగి పోలేదు. అవి మన పెరళ్లలో నాటుకొని, మన పులుసు గిన్నెలలో స్థిరపడినవి.

ఆ వస్తువులు రాకముందు మన పులుసు ఎట్లుండెడిది? దీనికి రెండు సాక్ష్యములు కలవు. మొదటిది కావ్యము. పదునారవ శతాబ్దపు తొలి భాగమున కృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో శ్రీవిల్లిపుత్తూరి విష్ణుచిత్తుడు తన యింటికి వేళ గాని వేళ వచ్చిన అతిథులకు ఋతువునకు తగిన భోజనము పెట్టుట వర్ణితమైనది. వానకాలమున పప్పు, నాలుగైదు కూరలు, వరుగులు, వడియములు, పెరుగు. వేసవిలో నులివెచ్చని అన్నము, తియ్యని చారు. చలికాలమున మిరియపు పొడితో వండిన వేడి కూరలు. ఇందు గమనింపవలసినది మిరియము. చలిని పోగొట్టు కారమునకు కవి మిరియమునే చెప్పెను. మిరపకాయ ఆనాటికి తెలుగు వంటింట కాలు పెట్టలేదు. ఆ మిరియమైనను మన మండలమున పండునది కాదు, మలయాళ తీరమునుండి రావలసినదే. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున మోటుపల్లి రేవున వేయించిన అభయశాసనములో సుంకము కట్టవలసిన సరకుల పట్టికలో కర్పూరము, ముత్యములు, పట్టునూలు మొదలగువానితో పాటు మిరియములును కలవు. కావున కారము మనకు ఎల్లప్పుడును కొంత ఖరీదైన అతిథియే.

రెండవ సాక్ష్యము కావ్యములోనిది కాదు, నేటికిని సజీవమైనది. అది తద్దినపు వంట. పితృకార్యము నాడు అనేక కుటుంబములలో మిరపకాయకు మారుగ మిరియములే వాడుదురు. టొమాటో, బంగాళాదుంప, క్యాబేజీ వంటివి గిన్నెదరికి రానీయరు. కంద, చేమ, అరటికాయ, కాకర, పెసలు, మినుములు, అల్లము, జీలకర్ర ఇవి మాత్రమే ఆ నాటి సామగ్రి. పూర్వులు తినినవే పూర్వులకు పెట్టవలెనను నియమము వలన, తెలిసియో తెలియకయో, నాలుగైదు వందల యేండ్ల నాటి వంటల పట్టిక యొకటి మన యింటింట భద్రముగ నిలిచినది. ఏ శాసనమును ఇంతకంటె స్పష్టముగ చెప్పజాలదు.

ఇప్పుడు నిత్యము వండుకొను ముక్కల పులుసును దాని ప్రక్కను నిలిపి చూడుడు. మిరపకాయ అమెరికా ఖండమునకు చెందినది. 1492 లో కొలంబసు ఆ ఖండపు దీవులకు చేరిన పిదప అది ఐరోపాకు తెలిసినది. 1498 లో వాస్కోడిగామా మన పడమటి తీరమునకు వచ్చెను; 1510 లో పోర్చుగీసువారు గోవాను పట్టిరి. ఆ శతాబ్దముననే మిరప మన దేశమున అడుగు పెట్టెను. మనవారు దానికి క్రొత్త పేరు వెదకలేదు. మిరియమువలె కారముగ నున్న కాయ గనుక మిరియపు కాయ అనిరి; అదియే మిరపకాయ అయినది. పరదేశి వచ్చి పాత చుట్టము పేరే పెట్టుకొని యింట కలిసిపోయినట్లున్నది. ఖరీదు పెట్టి కొనవలసిన కారము పెరటిలోనే కాయసాగుటచే పేదవాని గంజికిని రుచి వచ్చినది.

గుమ్మడి సంగతియు ఇట్టిదే. ప్రాచీన గ్రంథములలోని కూష్మాండము బూడిద గుమ్మడి. నేడు పులుసులో తీపినిచ్చు పచ్చని గుమ్మడి అమెరికానుండి వచ్చినది. అది ఎంత గట్టిగ స్థిరపడినదనగా, వట్టి గుమ్మడి యన్నచో నేడు దానినే తలంతురు. పూర్వపుది తన పేరునకు ముందు బూడిద అను విశేషణము తగిలించుకొనవలసి వచ్చినది. పులుసులో వెన్నవలె కరగు చిలగడదుంపయు ఆ ఖండపుదే. బంగాళాదుంప పేరులోనే దాని తెరువు కలదు. మన తీరపు వారికి అది బంగాళమునుండి దిగిన దుంప. టొమాటో అందరికంటె ఆలస్యముగ వచ్చినది. పందొమ్మిదవ శతాబ్దమున గాని వాడుకలో పెరుగలేదు. దానిని మన పెద్దలు రామములగ అనిరి. అన్నిటికంటె విచిత్రము చింతపండు. అది మనదే యని అరబ్బులు భారతదేశపు ఖర్జూరమను అర్థమున తమరుహింది అనిరి. దానినుండియే ఇంగ్లీషువారి టామరిండు. కాని ఆ చెట్టు పుట్టుక ఆఫ్రికా యని వృక్షశాస్త్రజ్ఞుల అభిప్రాయము. వేల యేండ్ల క్రిందటనే వచ్చి, మనదనిపించుకొనినది. పోపులోని ఇంగువ అఫ్గను, పారశీక దేశముల సరకు.

ఇక మొదటినుండి ఇక్కడివి ఏవి? వంకాయ, కంద, ములగ, కరివేపాకు, పసుపు. అనగా ఒక్క గిన్నె పులుసులో ఇంటివారు సగము, అతిథులు సగము. ఎవరు ఇంటివారో ఎవరు అతిథులో తినువారికి తెలియనే తెలియదు. దప్పళపు గొప్పతనమంతయు ఇందే కలదు.

ఓడలు తెచ్చిన విత్తనము మొలచుటకు నీరు కావలెను. నేటి కోనసీమను చూచినవారు ఆ పచ్చదనము అనాదినుండి యున్నదని తలంతురు. అది పొరపాటు. 1832, 33 సంవత్సరముల కరవు మొదలగు ఉపద్రవముల వలన నాటి రాజమహేంద్రవరము జిల్లా క్షీణించి, 1821 లో ఏడు లక్షలకు మించిన జనసంఖ్య 1841 నాటికి ఆరు లక్షలకు లోబడినది. గోదావరి ప్రక్కనే ప్రవహించుచుండగ జనులు అన్నమునకు లేక వలసపోవుట చూచి సర్ ఆర్థర్ కాటన్ 1844 లో ఆనకట్ట ఆవశ్యకతను ప్రభుత్వమునకు నివేదించెను. 1847 లో మొదలైన ధవళేశ్వరపు ఆనకట్ట 1852 లో పూర్తి యైనది. కాలువలు వచ్చినవి. వైనతేయమునకు ఆవల నున్న నగరము లంకకు నీరు చేర్చుటకై గన్నవరము కడ నదిమీదుగ నలుబది తొమ్మిది కమానులతో అక్విడక్టు కట్టిరి. నదిమీద మరియొక నది ప్రవహించునట్లున్న ఆ కట్టడము వలన ఆవలి గ్రామములలో వరియు, కొబ్బరియు, అరటియు, కందయు నిత్యమైనవి. పెరడు లేని యిల్లు లేదనిపించుకొనిన సీమ యైనది.

నీటివలె గాలియు ఇచ్చటి బ్రతుకును శాసించును. 1996 నవంబరు 6 వ తేదీ రాత్రి తుపాను కోనసీమను ధ్వంసము చేసినపుడు వేయిమందికి పైగా మరణించిరి. ఎన్నో యేండ్లు పెంచిన కొబ్బరితోటలు నేలకొరిగినవి. గాలి చెట్టును కూల్చును, పందిరిని ఎగురగొట్టును. మంటిలోని దుంపను మాత్రము ముట్టజాలదు. కంద, చేమ, పెండలము, చిలగడదుంప పెరటిలో నుండుట రుచికొరకే గాదు. ఆపత్కాలమునకు దాచిన ధాన్యమువంటిది. తుపాను తీరమున పుట్టిన వంటకము గనుకనే ఈ పులుసునకు ఇదే ముక్క కావలెనను పట్టుదల లేదు. ఏది దొరకిన దానితో అది పొత్తు కుదుర్చుకొనును.

ఇక దానిని త్వరగ చేయు విధానము చెప్పవలెను. నలుగురైదుగురున్న యింటికి నిమ్మకాయంత చింతపండు చాలును; దానిని ముందుగ వేడినీటిలో నానవేయవలెను. కంద, చిలగడదుంప, ములగకాడ, ఆనప, గుమ్మడి, వంకాయ, బెండకాయ, టొమాటో, వీనిలో ఇంట నున్న నాలుగింటిని తీసికొని, పెద్ద ముక్కలుగ తరుగవలెను. చిన్న ముక్కలు త్వరగ ఉడుకునని తోచును గాని అవి కరిగిపోయి నమలుటకు ఏమియు మిగులదు. దుంపలును ములగకాడయు మొదట, తక్కినవి ఐదారు నిమిషముల పిదప, పసుపుతోను ఉప్పుతోను నీటిలో ఉడుకనీయవలెను. గుమ్మడి, టొమాటో కడపట వేయవలెను. ముక్క మెత్తబడిన తరువాతనే చింతపండు రసము పోయవలెను. ఇది ముఖ్యమైన సూక్ష్మము. పులుపు మొదటనే తగిలినచో కూరగాయ బిరుసెక్కి ఎంతసేపటికిని ఉడుకదు. పులుసు ఆలస్యమగుటకు కారణము తరచు పొయ్యి కాదు, తొందరపడి పోసిన పులుపే.

రసము పోసిన పిదప నిలువున చీల్చిన పచ్చిమిరపకాయలు, కరివేపాకు, చిన్న బెల్లపుముక్క వేసి మరుగనీయవలెను. రెండు చెంచాల బియ్యపుపిండినిగాని శనగపిండినిగాని చన్నీటిలో ఉండకట్టకుండ కలిపి పోసినచో చిక్కబడును. ఆవాలు, మెంతులు, జీలకర్ర, ఎండుమిరపకాయ, ఇంగువలతో పోపు పెట్టి దింపవలెను. ముక్కలు తరుగుట మొదలు దింపువరకు అరగంటకు మించదు. మరింత పుష్టి కావలెనన్నచో ముందుగ ఉడికించిన కందిపప్పు పిడికెడు మెదిపి కలుపవచ్చును. పలుచగ చేసి లోటాలో పోసికొని త్రాగినచో సూపు. చిక్కగ చేసి అన్నములో కలుపుకొన్నచో పులుసు. వేరు వేరు పేళ్లేగాని పదార్థమొక్కటే. కూరగాయలలోని సారములలో నీటిలో కరగునవి కొన్ని కలవు. ఉడికించిన నీటిని వంపివేసినచో అవియు పోవును. పులుసులో ఆ నీరు కూడ మన కడుపులోనికే చేరును గనుక ఆ నష్టము లేదు.

పూర్వము దీనిని రాచిప్పలో కాచెడివారు. పులుపు ఇత్తడిని, రాగిని తినివేసి చిలుము పుట్టించును. రాతికి ఆ భయము లేదు. పైగా దింపిన తరువాతను చాలసేపు వేడి నిలుచును. రాచిప్ప లేనివారు కళాయి పూసిన ఇత్తడిగిన్నె వాడెడివారు. నేటి ఉక్కుగిన్నెలకు ఈ చిక్కు లేదు గాని, మట్టిపాత్రలోను, రాచిప్పలోను కాచిన పులుసు మరునాటికి మరింత రుచియని చెప్పు ముసలమ్మలు ఇప్పటికిని కలరు.

మరి అంగడిలోని సూపు పొడి ఎట్లు పుట్టినది? దాని చరిత్రయు తెలియదగినదే. దానికి పూర్వరూపము ఓడలమీదిదే. పదునెనిమిదవ శతాబ్దమున ఆంగ్ల నౌకాదళము మాంసరసమును గట్టిపడువరకు కాచి ఎండబెట్టిన బిళ్లలను దూరయాత్రలకు తీసికొనిపోయెడిది. 1768 లో కెప్టెన్ కుక్ తన తొలి మహాయాత్రకు వానిని వెంటగొనిపోయెను. నావికులను పీడించు స్కర్వీ వ్యాధికి అవి మందు కాగలవని తలంచిరి. కాని ఎండిన బిళ్లలో ఆ గుణము లేదు. నేల కనబడినచోటనెల్ల కుక్ కోయించి వానితో కలిపి ఉడికించిన పచ్చని ఆకుకూరలలో ఉన్నది. తరువాత 1886 లో స్విట్జర్లాండు దేశమున జూలియస్ మాగీ పప్పుధాన్యముల సూపుపొడిని అమ్మకమునకు తెచ్చెను. కర్మాగారములలో పగలెల్ల పనిచేసి, వండుకొనుటకు వ్యవధి లేని స్త్రీల కుటుంబములకు పుష్టినిచ్చుట అతని తలంపు. ఆ రెండు పనులును దోషమైనవి కావు. పెరడు లేని ఓడకును, తీరిక లేని కర్మాగారమునకును పుట్టిన ఉపాయములవి. పెరడును, కరివేపాకు మొక్కయు, అరగంట సమయమును ఉన్న యింటికి అవి అవసరమా యన్నదే ప్రశ్న. సంచిలోని పొడికి గుమ్మడి తెలియదు, కంద తెలియదు; వచ్చిన అతిథికి మరొక్క ముక్క చేర్చుటయు తెలియదు.

అతిథి అనగానే కోనసీమలో స్మరింపవలసిన పేరు ఒకటి కలదు. 1841 లో మండపేటలో జన్మించి, లంకలగన్నవరమున కాపురముండిన డొక్కా సీతమ్మగారు. వైనతేయము దాటి పోవు బాటసారులకు ఆ గ్రామము దారిమధ్యమున నున్నది. పగలనక రాత్రియనక, ఏ జామున ఎవరు వచ్చి తలుపు తట్టినను ఆమె లేచి వండి వడ్డించెను. ఆమె కీర్తి ఆంగ్ల ప్రభుత్వమువరకు ప్రాకినది. 1909 లో ఆమె మరణించిన పిమ్మటను ఆ సీమ ఆమెను మరువలేదు. 2000 సంవత్సరమున గన్నవరమున వైనతేయముపై క్రొత్తగ నిర్మించిన అక్విడక్టుకు ఆమె పేరే పెట్టిరి. వేల యెకరముల పొలమునకు నీరు మోయు కట్టడమునకు రాజుపేరు గాక అన్నము పెట్టిన గృహిణిపేరు నిలుచుట మన చరిత్రలో అరుదు.

వేళ కాని వేళ వచ్చిన వారికి అన్నము పెట్టుట ఎంత కష్టమో గృహిణులకు చెప్పనక్కరలేదు. వేపుడు కూర నలుగురికి వండినది నలుగురికే. అప్పము లెక్క ఎంచినంతే. పులుసు మాత్రము అట్లు కాదు. ఇద్దరు వచ్చినచో రెండు ముక్కలు, ఒక గ్లాసు నీరు, చిటికెడు ఉప్పు. మరియొక పొంగు వచ్చునంతలో పదిమందికి సరిపోవును. మన యిండ్లలో ఇది నిత్యవంట యగుటకు అరగంట పనియగుట యొక్కటే కారణము కాదు. అది తరుగక పెరుగు వంట యగుట మరియొక కారణము.

అయినను ఇక్కడ ఒక సత్యమును దాచరాదు. ఖండాంతరముల నుండి వచ్చిన మిరపకాయకు, గుమ్మడికి, టొమాటోకు తెరచిన వంటింటి గడప, తరతరములుగ ఆ పొలము దున్ని, ఆ కందను త్రవ్వి, ఆ కొబ్బరికాయను దింపిన మనుష్యులలో అనేకులకు తెరువలేదు. పరదేశపు దుంప పంక్తికి వచ్చినది; ఊరి మనుష్యుడు పంక్తికి రాలేదు. ఒకే గిన్నెలోని పులుసును దూరమునుండి పోయించుకొనవలసినవారు, ఆ పులుసునకు కాయలు పండించినవారే. డొక్కా సీతమ్మగారు అన్నము పెట్టుటలో కులము నెంచలేదని చెప్పుకొందురు. అట్లు చెప్పుకొనుటయే, ఎంచనివారు ఆనాడు ఎంత అరుదో తెలుపుచున్నది. 1950 లో అమలులోనికి వచ్చిన మన రాజ్యాంగము పదునేడవ అధికరణమున అస్పృశ్యతను రద్దు చేసినది. చట్టము గడప వరకు వచ్చును. గడప దాటి పంక్తివరకు రావలసినది మనస్సు.

ఈ మార్పునకు బడిపిల్లల పంక్తి కొంత తోడ్పడుచున్నది. 2003 లో మన రాష్ట్రపు ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనము మొదలైనది. 2024 లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ పథకమునకు డొక్కా సీతమ్మ పేరు పెట్టినది. పేరు పెట్టుట సులభము. ఆ పేరునకు తగినట్లు, ఒకే గిన్నెనుండి, ఒకే గరిటెతో, ఒకరి ప్రక్కనొకరు కూర్చున్న పిల్లలకెల్ల వేడిగ వడ్డించుటయే అసలు పని. వడ్డించునది ఎవరు, వండినది ఎవరు అని అడుగక ఆ పిల్లలు తినుట నేర్చినచో, ఓడలరేవున దిగిన వస్తువులకు మనము చూపిన ఆదరము మనుష్యులకును చూపినవారమగుదుము.

తల్లులు పిల్లలకు కథలు చెప్పుచు అన్నము తినిపించుట మన ఆచారము. ఈ సాయంకాలము పులుసు కలిపి ముద్ద పెట్టునపుడు ఈ కథ చెప్పవచ్చును. ఈ తీయని గుమ్మడిముక్క ఏడు సముద్రములావలిది, ఈ కారము పడవలెక్కి వచ్చినది, ఈ పులుపు ఆఫ్రికా చెట్టుది, ఈ కంద మన పెరటిది, ఈ నీరు గన్నవరపు కమానులమీదుగ వచ్చినది అని చెప్పవచ్చును. భూగోళమును, చరిత్రను వేరుగ నేర్పనక్కరలేదు. కథ ముగియులోపల వీథి తలుపు చప్పుడైనచో, వచ్చినవారెవరని విచారించుటకు ముందు గిన్నెలో రెండు ముక్కలు, ఒక గ్లాసు నీరు పోయవలెను.